డ్రైవ్‌లో వేస్తే ఆగిపోయే కారు

నా వర్క్ పర్మిట్ రెన్యూవల్ ఎక్కడో ఇరుక్కుపోయిన ఏడాది ఆ పాత కారు నా చేతికి వచ్చింది.

అప్పటికి మేము కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటున్నాం. నేను ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్‌కి లీడ్‌ని. పర్మిట్ గడువు తీరిపోగానే ఉద్యోగం ఆగిపోయింది. లాప్‌టాప్ వెనక్కి పంపేశాక, ఆ టేబుల్ మీద ఏం పెట్టాలో తోచక చాలా రోజులు ఖాళీగానే ఉంచాను. చర్చిలో ఆంటీలు మాత్రం "దేవుడిచ్చిన రెస్ట్ అనుకో తల్లీ" అనేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. మా ఆయన రోజూ ఆఫీసుకి వెళ్లక తప్పని ప్రాజెక్టులో ఉన్నారు. మంచి కారు పొద్దున్నే ఆయనతో వెళ్లిపోయేది. మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ల కాలనీ నుంచి నడిచి వెళ్లగలిగిన దుకాణం ఒక్కటీ లేదు. గేటు దాటితే హైవే. దాని పక్కన మనిషి నడిచే చోటు కూడా ఉండదు.

నాలుగేళ్ల పాపని ప్రీస్కూల్ నుంచి తీసుకురావడానికి ఇంకో కారు కావాల్సి వచ్చింది. ఆయన ఆఫీసులో ఒకాయన వేరే రాష్ట్రానికి మారిపోతూ తన పాత కారు అమ్మేశాడు. నా పెళ్లికంటే, ఆ మాటకొస్తే నా బడి చదువుకంటే ముందు తయారైన కారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ అప్పుడప్పుడే మామూలు కార్లలోకి వస్తున్న కాలం నాటిది. ఆటోమేటిక్ గేర్లు, చతురస్రపు హెడ్‌లైట్లు, వెల్వెట్ లాంటి సీట్లు. మా ఆయన దాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంజన్ వణకడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజన్ తనంతట తాను మెల్లగా తిరుగుతూ ఉండాలి కదా, ఆ ఐడ్లింగ్ దీనికి నిలకడగా ఉండేది కాదు. ఇంజన్ వేగం చూపే ముల్లు కిందికి జారుతుంది, ఉలిక్కిపడ్డట్టు పైకి లేస్తుంది, మళ్లీ జారుతుంది. ఒక్కోసారి జారిన ముల్లు ఇక లేవదు. ఇంజన్ ఆగిపోతుంది.

మా ఆయనకి చెప్తే, "సిగ్నల్ దగ్గర ఎడమ కాలు బ్రేక్ మీద పెట్టి, కుడి కాలుతో కొంచెం రేజ్ చేస్తూ ఉండు. పాత కార్లంతే" అన్నారు.

అలాగే నడిపాను. రెండు కాళ్లూ రెండు పెడల్స్ మీద బిగబట్టి, ఎర్ర లైటు వైపు చూస్తూ. ఇంటికొచ్చేసరికి పిక్కలు పట్టేసేవి.

ఒక మధ్యాహ్నం పాపని ఎక్కించుకుని వస్తున్నాను. హైవే మీద ఎడమ వైపు తిరిగే లేన్‌లో ముందు నేనే ఉన్నాను. ఆకుపచ్చ బాణం వెలిగింది. బ్రేక్ వదిలి కదిలానో లేదో ఇంజన్ చచ్చిపోయింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. కారు సగం మలుపులో, ఎదురుగా వచ్చే లేన్లకి అడ్డంగా నిలబడింది. వెనక హారన్లు. నాకు అటు దిగడానికీ లేదు, ఇటు దిగడానికీ లేదు. రెండు వైపులా ట్రక్కులు.

"అమ్మా, కార్ స్లీపింగా?" అంది పాప వెనక నుంచి.

"అవునమ్మా, నిద్రపోయింది" అన్నాను.

వెనక పికప్‌లోంచి ఒక పెద్దాయన దిగి వచ్చి అద్దం తట్టాడు. న్యూట్రల్‌లో వెయ్యమన్నాడు. ఇంకో ఇద్దరిని పిలిచి, ముగ్గురూ కలిసి మమ్మల్ని రోడ్డు పక్కకి నెట్టారు. అక్కడ గేరు పార్క్‌లో పెట్టి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు వెంటనే స్టార్ట్ అయింది. నిలకడగా తిరుగుతోంది. కదలడానికి డ్రైవ్‌లో వేశాను. ఆగిపోయింది. మళ్లీ తిప్పి, బాగా రేజ్ చేసి, ఒక్క ఊపులో డ్రైవ్‌లోకి లాగి ఎలాగో ఇల్లు చేరాను. గ్యారేజీ తలుపు మూసుకున్నాక కారులోనే కూర్చుని ఏడ్చాను. పాప తన నీళ్ల సీసా నాకు అందించింది.

ఆ సాయంత్రం ఆయనతో అన్నాను: "నేనింక దీన్ని నడపను."

"సరే, అమ్మేద్దాం. ఇంకోటి దొరికేదాకా పాపని స్కూల్ మానిపించు. నువ్వు ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా."

ఆయన చెడ్డగా అనలేదు. లెక్క ప్రకారం సరైన మాటే. కానీ 'ఎలాగూ ఇంట్లోనే' అన్న ఆ రెండు మాటలు నా ఒంట్లో దిగబడిపోయాయి. "అమ్మొద్దు. నేనే చూస్తాను" అన్నాను.

ముందు ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్లారు ఆయన. వాళ్ల స్కానర్ తగిలించే సాకెట్టే ఈ కారుకి లేదు. ఒక స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచి పంపారు. దాంతో బ్రేక్ మీద కాలు తీస్తే కారు ముందుకి దూకడం మొదలుపెట్టింది. ఆగిపోవడం మాత్రం మానలేదు.

నేను ఇంటర్నెట్‌లో పాత కార్ల వాళ్లు రాసుకునే ఫోరమ్‌లు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అర్థమైంది ఒకటే: ఈ ఇంజన్‌కి ఎంత గాలి లోపలికి వస్తోందో ముందు కొలిచి, దానికి తగ్గట్టు పెట్రోలు చిమ్ముతారు. కొలిచే చోటు దాటాక ఎక్కడైనా దొంగగాలి దూరితే లెక్క తప్పుతుంది, ఇంజన్ తడబడుతుంది. ఇది టెస్టింగ్ పనే కదా అనిపించింది. ఒకసారి ఒక్కటే మార్చాలి, ఏం జరిగిందో చూడాలి.

మొదట, ఐడ్లింగ్‌లో గాలిని వదిలే చిన్న వాల్వ్ విప్పి శుభ్రం చేశాను. లోపల కాటుకలా నలుపు. రెండు రోజులు బాగుపడ్డట్టే ఉండి మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత స్ప్రే సీసాతో ఒక్కో గొట్టం మీద నీళ్లు చిమ్ముతూ, ఎక్కడైనా శబ్దం మారుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఎక్కడా మారలేదు. పొగ గ్యారేజీలో నిండకుండా కారు ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టుకునేదాన్ని. కుక్కని తిప్పుతూ వెళ్లే ఒకాయన ఆగి, ఇళ్ల ముందు కార్లు విప్పడం కమ్యూనిటీ రూల్స్ ఒప్పుకోవని మర్యాదగా గుర్తుచేశాడు. సారీ చెప్పి బానెట్ దించాను. ఆయన మలుపు తిరగ్గానే మళ్లీ ఎత్తాను.

ఎదురింటి అమ్మాయి అది కిటికీలోంచి చూసింది. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. నాలాగే భర్త మీద ఆధారపడిన వీసాయే తనదీ. డ్రైవింగ్ రాదు. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తున్నవ్ అక్కా? చలికి చేతులు ఎర్రగైనయి చూడు."

"ఇంటి ముందు బంగారంలా తిరుగుతుంది. రోడ్డెక్కితే ఆగిపోతుంది. ఎందుకో తెలీట్లేదు."

"మరి రోడ్డు మీద ఏం వేరే చేస్తవ్?"

నా పరీక్షలన్నీ పార్క్‌లో పెట్టే చేశాను. ఆ రోజు హైవే పక్కన కూడా పార్క్‌లో బాగుంది, డ్రైవ్‌లో వేశాకే ఆగింది. అది నా కళ్ల ముందే జరిగినా భయంలో పట్టించుకోలేదు.

"నువ్వు లోపల కూర్చుంటావా? బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి. నేను చెప్పినప్పుడు డ్రైవ్‌లో వెయ్యాలి."

"అమ్మో, నాకు భయమైతది అక్కా. నిన్ను గుద్దితే?"

హ్యాండ్ బ్రేక్ లాగాను. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాను. కారుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడ్డాను. పార్క్‌లో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయించాక "ఇప్పుడు వెయ్యి" అన్నాను. ఆమె కళ్లు మూసుకుని మరీ వేసింది. గేరు పడగానే ఇంజన్ మొత్తం ఒక పక్కకి ఒరిగింది. దాంతోపాటు గాలి వెళ్లే లావాటి రబ్బరు గొట్టం సాగింది. కింది వైపు నుంచి సన్నగా 'స్‌స్' మని చప్పుడు. ఇంజన్ వణికి ఆగిపోయింది.

ఆ గొట్టం విప్పి తిరగేస్తే, ముడతల మధ్య అరచెయ్యంత పొడవున చీలిక కనిపించింది. మామూలుగా పెదాలు మూసుకున్నట్టు ఉంది. వంచితే నోరు తెరుస్తోంది.

"గింత దానికా అక్కా ఇంత గోస!" అంది ఆమె.

కొత్త గొట్టం తెప్పించి బిగించాను. షాపులో తిప్పిన స్క్రూని వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. పెడల్ పూర్తిగా వదిలేశారని ఇంజన్‌కి చెప్పే చిన్న స్విచ్ ఒకటుంటుంది. అది 'టిక్' మనేదాకా తిప్పాను. ముల్లు ఒక చోట నిలబడింది. డ్రైవ్‌లో వేసినా కొంచెం దిగి అక్కడే ఉంది. ఆ రాత్రి మా ఆయన బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. "నువ్వేనా చేసింది?" అని ఒక్కటే అడిగారు. తర్వాత ఆ రోజు అన్న మాటకి సారీ చెప్పారు.

మర్నాడు పాపని స్కూల్లో దింపి, ఎదురింటి అమ్మాయిని ఎక్కించుకుని లేక్ లేనియర్ వైపు వెళ్లాను. ఎక్కడికని అనుకోలేదు. నీళ్ల ఒడ్డున పార్కింగ్‌లో ఆపాం. దిగడానికి చలి. ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనన్న భయం ఇంకా పోలేదు. అందుకని హీటర్ వేసుకుని లోపలే కూర్చున్నాం.

"ఇంకా ముందుకి పోదాం అక్కా" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

"పాప స్కూల్ అయిపోతుంది." గేరు రివర్స్‌లో వేశాను.

పర్మిట్ ఎండాకాలం దాటాక వచ్చింది. అప్పటికి నా టీమ్‌లో నా చోటు ఎవరికో ఇచ్చేశారు. దొరికిన కొత్త ఉద్యోగం ఇంటి నుంచే చేసేది. మేడమీద అదే గది, అదే టేబుల్. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం లేస్తాను. జీతం వస్తోంది, సంతోషమే. వర్క్ పర్మిట్ వస్తే తలుపులు తెరుచుకుంటాయని అనుకున్నాను కాబోలు, అదే గదిలో కూర్చున్నందుకు నామీద నాకే కోపం వస్తుంటుంది.

ఎదురింటి అమ్మాయి ఆ పాత కారు మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. శనివారాలు ఖాళీగా ఉండే చర్చి పార్కింగ్‌లో నేర్పాను. రోడ్ టెస్ట్ ఒక్కసారికే పాసైంది. ఆ తర్వాత కొద్ది రోజులకే భర్త ప్రాజెక్టు వేరే రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌కి మారింది. ఉన్నపళంగా సర్దుకుని వెళ్లిపోయారు.

మొన్న ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్ చిన్నదట, కిటికీ ఎదురుగా కిటికీలు లేని డేటా సెంటర్ గోడ.

"బయటికి వెళ్తున్నావా?" అని అడిగాను.

"లైసెన్స్ ఉన్నది అక్కా," అంది, "కారే లేదు."