బోరింగుకు ఎర్ర రంగు

నేను పుట్టిన ఊరూ మెట్టిన ఊరూ రెండూ తంబళ్లపల్లె పక్కన మెట్ట ఊళ్లే. అక్కడి నీళ్లు తాగి పెరిగాను కాబట్టి నా పళ్లు గార పట్టినట్టుంటాయి. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటు. మదనపల్లె స్టూడియోలో పెళ్లి ఫోటో తీసినాయన "కొంచెం నవ్వమ్మా" అని అరగంట బతిమాలి, విసుగొచ్చి అట్లాగే తీసేశాడు. అందుకే నా కూతురికి పాలపళ్లు ఊడడం మొదలైనప్పుడు, దీనికైనా తెల్లటి పళ్లు రావాలని నేను మొక్కని దేవుడు లేడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం వాళ్లు జీపులో వచ్చి మా వీధి బోరింగుకు ఎర్ర రంగు కొట్టి పోయారు. ఎందుకో రాయలేదు, చెప్పలేదు. ఊరంతా చెనక్కాయల పనిలో చేన్ల దగ్గర ఉంది. ఇంటి దగ్గరున్న మా అత్త మాత్రం చూసి మురిసిపోయింది.

"గవర్నమెంటోళ్లకు ఇన్నాళ్లకు గంగమ్మ మింద భక్తి పుట్టిండాది సూడు!"

ఆ ఎరుపు మీద పసుపు రాసి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టింది. ఆ శుక్రవారం నుంచి మా ఇంటి దేవుడికి కూడా ఆ నీళ్లే.

నెల తిరక్కుండా ఒక టూత్‌పేస్టు కంపెనీ వ్యాను బడికొచ్చింది. టై కట్టుకున్నాయన పిల్లలకు తలా ఒక చిన్న ట్యూబు పంచి, ఇందులో ఫ్లోరైడ్ ఉంది, పళ్లు గట్టిపడతాయని పాఠం చెప్పాడు. నా కూతురు తీపిగా ఉందని సగం నాకేసింది. నాకేమో ప్రాణం లేచొచ్చి, పెద్ద ట్యూబు తెమ్మని మా ఆయన్ని మదనపల్లెకు తరిమాను.

తర్వాత ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. పూజలందుకుంటున్న బోరింగును చూసి తల పట్టుకుంది.

"ఎర్ర రంగు కొట్టింది ఈ నీళ్లు తాగద్దని అవ్వా! దీంట్లో ఫ్లోరైడ్ ఎక్కువుండాది. పళ్లు చెడిపోతాయి."

అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదేందమ్మా, మొన్న టై కట్టుకున్న అప్ప ఆ ఫ్లోరైడే మంచిదని ట్యూబుల్లో పెట్టి ఇచ్చిపోయినాడే! మా బోరింగులో ఊరికే వస్తాంటే మీకు కడుపు మంటా?"

కొంచెమైతే మేలు, ఎక్కువైతే కీడు, ఈ ఊరి పిల్లలకు ఆ పేస్టు కూడా వద్దని నర్సమ్మ పాపం చాలాసేపు చెప్పింది.

"మరి నీళ్లు యాడికి పోయి తాగల్ల?" అన్నాను.

"ట్యాంకరు కోసం రాసిండారమ్మా."

ట్యాంకరు రాలేదు. వాటర్ క్యాన్ల ఆటో మాత్రం వారంలోపే వచ్చింది. రంగు డబ్బా దొరికిన వాళ్లకు నీళ్ల ట్యాంకరు దొరకలేదా అని నాకు ఒళ్లు మండింది. అయినా నా కూతురికి ఆ క్యాను నీళ్లే పోశాను. చిగుళ్ల లోపల ఉండగానే పంటికి రంగు పట్టేసి ఉంటుందని నర్సమ్మ చెప్పినా నేను వినదలుచుకోలేదు.

ఎండాకాలం సెలవుల్లో నా కూతురికి ముందు పళ్లు రెండూ వచ్చాయి. అద్దంలో చూసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, నా నోటికడ్డమున్న కొంగు లాగేసింది.

"అమ్మా, సూడు! నాకు అచ్చం నీ పళ్లే వచ్చినాయి!"

నోటికేదీ అడ్డం పెట్టుకోకుండా వీధంతా వినబడేలా నవ్వింది. నేను అలవాటుగా కొంగు కోసం తడుముకున్నాను. కానీ అది నా పళ్లవైపే చూస్తూ నిలబడింది, కొంగేమో దాని చేతిలో ఉంది. నేనూ నవ్వాను.