సొన కడిగిన కాయ

మొన్న మా మామిడి షెడ్డులో కొత్తగా చేరిన పిల్ల ఓ కాయని తొట్టిలో ముంచి, సొన మరక పోయేదాకా తుడిచి, "మెరుస్తోందా పిన్నీ?" అని చూపించింది. నేను ముఖం తిప్పుకుని పక్క బుట్ట అందుకున్నాను. ఆరో తరగతిలో బడి మానేసినా వాగుడు మాత్రం మానని మనిషిని నేను.

మూడేళ్ళ కిందటి కాపు రోజుల్లో, ఇదే షెడ్డులో నా పక్కన కూర్చునే తోడికోడలికి ఐదో నెల. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఇదైనా నిలవాలని ఇంటిల్లిపాదీ మొక్కుకున్నాం. ఇంతలో తెల్లబట్ట మొదలైంది. పచ్చటి నురగ, వాసన, మంట. మామిడిపళ్ళ వేడి అని తేల్చేశారు మా అత్తగారు. పళ్ళు మాన్పించి సబ్జా నీళ్ళు పట్టించారు. "అట్టయితే రెడ్డిగూడెం తోటల్లో రాలిన పళ్ళు తినే మేకలన్నీ ఆస్పత్రిలోనే ఉండాలి అత్తయ్యా" అని నేను నవ్వించాను. మందుల షాపాయన చూడకుండానే ఫంగస్ అన్నాడు, పూతమందు ఇచ్చాడు. తగ్గలేదు.

చివరికి నూజివీడు డాక్టరమ్మ లోపలి నుంచి నీరు తీసి పరీక్ష చేయాలి, రేపు రమ్మంది. తోడికోడలికి సిగ్గుతో అన్నం దిగలేదు. "ఈ వాసనతో ఆ బల్ల మీద ఎట్టా పడుకోనక్కా?" అంది. "సొన కడగని కాయని ఎవడు ముట్టుకుంటాడే? లోపలిదాకా శుభ్రంగా కడుక్కునెళ్ళు" అన్నాను. పాపం, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. ఆ సాయంత్రం అత్తగారి ఎదురుగానే ఇద్దరం ఓ రసం పండు పంచుకున్నాం.

ఏడో నెలలోనే ఉమ్మనీరు పోయింది. ఆడపిల్ల పుట్టింది. పొద్దుగూకకముందే పోయింది.

నెల దాటినా తోడికోడలికి తెల్లబట్ట తగ్గకపోతే మళ్ళీ తీసుకెళ్ళాను, డాక్టరమ్మ అప్పటికప్పుడే పరీక్ష చేసింది. ఈసారి తీసిన చుక్కని ల్యాబ్ ఆవిడ ఆరకముందే మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమంది. తోకలున్న నలుసులు గిలగిలా కొట్టుకుంటున్నాయి.

"ట్రైకోమోనాస్ అనే క్రిమి అండీ. కాపురంలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఇద్దరూ మందు వాడాలి. ముందు పరీక్ష చేయించలేదా?"

"చేయించాం. కడుక్కుని వచ్చింది."

"అయ్యో, కడిగేస్తే మాకేం దొరుకుతుందండీ?"

బిడ్డ దీనివల్లే పోయిందని ఖాయంగా చెప్పలేం అంది డాక్టరమ్మ. మామిడి లారీ మీద నెలలకొద్దీ తిరిగే మా మరిది ఏమీ అడక్కుండా, తల ఎత్తకుండా మాత్రలు మింగాడు. పండు వేడి కాదు అత్తయ్యా, లారీ వేడి అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కడిగేస్తే దొరకదన్న ల్యాబ్ ఆవిడ మాట కూడా తోడికోడలి దాకా పోనివ్వలేదు.

"అప్పుడెందుకు కనబడలేదక్కా?" అని ఆమె ఒక్కసారే అడిగింది. ఏమోనే అన్నాను.

బతికుంటే వచ్చే వానలకి ఆ పిల్లకి మూడేళ్ళు నిండేవి. తోడికోడలు ఇప్పటికీ నా పక్కనే కూర్చుని కాయలు తుడుస్తోంది. చెబుదాం, ఈ కాపు అయిపోనీ అనుకుంటూనే రెండు కాపులు దాటించాను, ఇది మూడోది.