ప్లాంటు పక్కింటి మనిషి

భయపడే మనిషి వేసిన అంచనాను నమ్మొచ్చా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. దాన్ని నాకు అంటించిన మా మేడం పోయిన వారం కన్నుమూశారు. పంజాగుట్ట ఆసుపత్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసేసరికి నేను అమీర్‌పేట మెట్రో మెట్ల మీదున్నాను. "అమ్మ పోయిందాంటీ" అంది. వెనక జనం తోసుకుంటూ దిగుతున్నారు. ఏడుపు కంటే ముందు నాకు వచ్చింది భయం. హైడ్రోజన్ ప్లాంటు రిపోర్టు మీద ఇక నా ఒక్కదాని సంతకమే.

కొత్త కర్మాగారం వస్తే చుట్టుపక్కల నీళ్లకీ గాలికీ మనుషులకీ ఏమవుతుందో అంచనా వేయడం మా ఆఫీసు పని. ఊరంతా అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులకి ఎగబడుతున్న రోజుల్లో, ఎమ్మెస్సీ పట్టాతో పంజాగుట్టలోని ఆ ఆఫీసులో చేరాను. నా మొదటి రిపోర్టు పూర్తవగానే మేడం పిలిచి, "జర గట్టిగ చదువు. ఇప్పుడు నేను మీ మేడంను గాదు, ప్లాంటు పక్కింటిదాన్ని" అన్నారు.

తర్వాత ప్రతి రిపోర్టుకీ అంతే. చెప్పులు విడిచి, కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని, కొంగు దోపుకుని కూర్చునేవారు. నేను "ప్రభావం స్వల్పం" అని చదివానా, అయిపోయాను!

"ఎవ్వలికి స్వల్పం? నువ్వు సాయంత్రం బస్సెక్కి పోతవ్. నేనాడనే పండాలె గద?"

ఆఫీసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, భయంభయంగా ఆ మాట కొట్టేసి మళ్లీ లెక్కలు వేస్తూ.

ఆవిడ పెరిగింది సనత్‌నగర్‌లో, ఫ్యాక్టరీ గోడల పక్కన. "వాసనొస్తే తలుపులేసుకునేటోళ్లం. గదే మాకు సైరన్" అనేవారు. నిరుడు ఈ హైడ్రోజన్ పని వచ్చినప్పుడు ఆవిడ ముఖం మారింది. ఎండ నుంచి కరెంటు తీసి, దాంతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. పొగ లేదు, మసి లేదు.

"వాసన సుత లేదు. అంటుకుంటే పగటిపూట మంట సుత సక్కగ కానరాదు. పక్కింటిదానికెట్ల తెలుస్తది?"

"సెన్సర్లు పెడతారు కదండీ."

"అవి ఖరాబైతే?"

ఆ జాగ్రత్తలన్నీ రాశాం. నీళ్ల దగ్గర ఆగిపోయాం. ఆ ప్రాంతంలో ఇలాంటి ప్లాంట్లే ఇంకొన్ని రాబోతున్నాయి. ఏ ప్లాంటు రిపోర్టు దానిదే. విడిగా చూస్తే ప్రతిదానికీ నీళ్లు చాలుతాయి. కానీ భూమి అడుగున ఉన్న నీళ్లు అందరికీ ఒకటే. శుద్ధి చేశాక మిగిలే ఉప్పునీళ్లు చేరేదీ ఒక్క వాగులోకే. మిగతా రిపోర్టులు అడిగితే మా చేతికి రాలేదు. వద్దని రాద్దామంటే, సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే పాత ఫ్యాక్టరీ, భూమిని వేడెక్కించే వాయువులు వదులుతూ అలాగే నడుస్తుంది. ఏటికేడు ముదిరే ఈ ఎండల భయం మాత్రం చిన్నదా?

చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు మేడం ఈ రిపోర్టు గురించే అడిగారు.

"సంతకం పెడ్తున్నవా?"

"ఏమోనండీ. భయంగా ఉంది."

"మంచిదే. గని భయాన్ని రాయకు బిడ్డా. నీళ్లు రాయి. భయం నీది, నీళ్లు ఆ ఊరోళ్లవి."

ఎక్కువ మాట్లాడొద్దని నర్సు కసిరింది. "ఊకుంటే నా జీతం గోస్తరమ్మా" అని మేడం ఆయాసంలోనే నవ్వారు.

నిన్న మళ్లీ ప్లాంటు రాబోయే స్థలానికి వెళ్లాను. కంచెకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇంటామె నన్ను చూసి కంపెనీ మనిషనుకుంది.

"ఫ్యాక్టరీ జల్ది రానియ్యిండ్రి మేడం. మా పిల్లగానికి పనిస్తమన్నరంట, నిజమేనా?"

భయాలన్నీ నావేనా? లేక ఆమెకి చెప్పాల్సినవాళ్లు ఎవరూ చెప్పలేదా? "నీళ్లు..." అని మొదలుపెట్టాను. నాకు దాహమనుకుని ఆమె లోపలికెళ్లి చెంబుతో తెచ్చి ఇచ్చింది. తాగాను. తియ్యగా ఉన్నాయి.

సంతకం పెట్టాలో వద్దో నాకు తేలడం లేదు. ఆమె మాత్రం ఖాళీ చెంబు చంకన పెట్టుకుని, నా జవాబు కోసం ఇంకా నా కళ్ల ముందు ఆ గడపలోనే నిలబడి ఉంది.