చేతులతో మాట్లాడుకునే ఇల్లు

మా ఇంట్లో సగం మాటలు చేతులతోనే నడుస్తాయి. బతుకుదెరువుకు గుజరాతీ దేశం వచ్చి, పాండేసరా మరమగ్గాల మధ్య నలభై ఏళ్లు నిలబడ్డవాణ్ని నేను. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని చేతులతో మాట్లాడటం నేర్చుకున్నాం. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి లోపలికి తిప్పితే మగ్గం ఆపమని, బయటికి తిప్పితే నడపమని. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. పని మానుకుని ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు. పోయింది వినికిడి, దగ్గర నిలబడి గట్టిగా చెబితేనే వినబడుతుంది. నా మనవరాలు నోటి మాటల కన్నా ముందు ఈ చేతి మాటలే నేర్చుకుంది.

ఆ చేతుల వల్లే కాలేజీవాళ్లు ఆమెను దొంగ అన్నారు.

కరోనా రెండో ఏడు అది. పిల్ల బీఎస్సీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ. కాలేజీకి తాళం. చదువంతా అద్దం పగిలిన ఒక ఫోన్లో. ఫీజు రసీదులో మాత్రం ప్రయోగశాల ఉంది, లైబ్రరీ ఉంది. ఆ రెంటి గడపా ఏడాదిగా ఆమె తొక్కలేదు. గాజు గొట్టంలోంచి మందు చుక్క చుక్కగా ఎలా వదలాలో వీడియోలో చూపించారట. మగ్గం నడపడం వీడియోలో చూసి వచ్చినవాణ్ని ఏ సేఠ్ అయినా మగ్గం దగ్గరికి రానిస్తాడా? వాడి చేతిలో పోగులు తెగుతాయి, ఆ తర్వాత వేళ్లు తెగుతాయి. ఈ మాట నా కొడుకుతో అంటే, "దునియా అంతా గిట్లనే నడుస్తున్నది బాపూ, నీకేం ఎరుక" అన్నాడు. నడిచేదల్లా సరిగ్గా నడుస్తున్నట్టేనా?

పరీక్షలు కూడా ఫోన్లోనే పెట్టారు. పిల్ల ముఖం కెమెరాలో కనబడుతూ ఉండాలి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చప్పుడు రాకూడదు. వడోద్‌లో మాకున్నది ఒక్కటే గది. అప్పుడే నాకు జ్వరం తగ్గింది. తలుపు మీద కార్పొరేషన్ వాళ్ల కాగితం అంటించి ఉంది, ఇంట్లోవాళ్లు గడప దాటడానికి లేదు. కొడుకు షెడ్డులోనే పడుకుంటున్నాడు. కోడలు వంట మూలలో చీర అడ్డం కట్టుకుని కూర్చుంది. నేను ఫోను వెనకవైపు గోడకు ఆనుకుని, కెమెరాకు కనబడకుండా కూర్చున్నాను. ఆ గదిలోంచి నన్ను ఎక్కడికి పొమ్మంటారు?

సగం పరీక్షలో కరెంటు పోయింది. పిల్ల నుదుటి మీంచి చెమట ముక్కు మీదికి కారుతోంది. చప్పుడు చేయకూడదన్నారు కదా అని నేను బొటనవేలు పెదవికి ఆనించాను. నీళ్లు తాగమని. ఆమె తలెత్తి నన్ను చూసి, అరచేయి ఆడించింది. తర్వాత అని. కాసేపటికి మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు.

జరిగింది ఇంతే. నెల తర్వాత ఫలితాల్లో ఆమె పేపరు ఒక్కటి ఆపేశారు. పక్కనున్నవారితో సైగలు చేసిందని కెమెరా పట్టుకుందట.

ఆఫీసులు తెరవగానే కొడుకు, నేను, పిల్ల కాలేజీకి పోయాం. అక్కడి గుమాస్తా మర్యాదగా ఒక కాగితం ముందుకు తోశాడు. మాఫీనామా, అంటే క్షమించమని రాసిచ్చే కాగితం. విద్యార్థి ఒక చోట, ఇంటి పెద్ద ఒక చోట సంతకం పెడితే ఆ ఒక్క పేపరు మళ్లీ రాయనిస్తారు. పెట్టకపోతే విషయం కమిటీకి పోతుంది. కమిటీ నమ్మకపోతే ఏడాది మొత్తం పోతుంది. మా కోడలు పర్వత్ పాటియాలో చీరలు మడతపెట్టే పనికి పోతుంది. ఏడాది పోతే పిల్ల కూడా ఆ పనిలోకే పోవాలని కొడుకు దారిలోనే చెప్పేశాడు.

నేను కాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టాను. నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. ఈ పిల్ల తెలుగు బడిలో ఒకటో తరగతి చదువుతుంటే, పలక పక్కన కూర్చుని ఆమెతో పాటు దిద్దాను. గుజరాతీ తర్వాత దుకాణాల బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. నా చదువు నత్త నడక. గుమాస్తా పెన్నుతో బల్ల మీద కొడుతున్నాడు.

"వాంచీనే శూఁ కర్శో, కాకా?" అన్నాడు. చదివి ఏం చేస్తావని.

చదివితే ఏమవుతుందో కాదు, చదవకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. వెనక ఒక సేఠ్ దగ్గర పదకొండేళ్లు చేశాక, బోనస్ కాగితమంటే వేలిముద్ర వేశాను. నా ఇష్టంతోనే పని మానుకుంటున్నానని అందులో రాసి ఉందట. మర్నాడు గేటు లోపలికి రానివ్వలేదు.

మూడో వరుసలో దొరికింది. పరీక్షలో నేను గేర్‌రీతి చేశాను, అని. గేర్‌రీతి అంటే దొంగ పద్ధతి.

"నువ్వు చేసినవా?" అని పిల్లను అడిగాను.

"లేదు తాతా."

"మరి చేసిన అని ఎందుకు రాసిస్తవ్?"

కొడుకు నా మోచేయి పట్టుకున్నాడు. "బాపూ, జర నీకు దండం పెడత. ఒక్క సంతకమే కదనే. అందరు పెడుతున్నరు. పిల్ల బతుకు ఆగం చెయ్యకు."

"అందరు దొంగతనం చేసిండ్రా?"

"చేసిండ్రో లేదో గని, పనైతే అయితున్నది కద!"

"నేను పెట్టను. నువ్వు పెడితే ఇగ నా కొడుకువు కావు."

సంతకానికని గుమాస్తా చేతికిచ్చిన పెన్నుకు పిల్ల మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

ఇంటికి వచ్చేటప్పుడు షేరింగ్ ఆటోలో ముగ్గురం మాస్కులు పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు నాకు భయం పట్టుకుంది. నా పట్టుదల నాది, పోయే ఏడాది పిల్లది. తప్పు చేశానా అని ఆమె ముఖంలోకి చూస్తే సగం ముఖం గుడ్డ వెనక ఉంది. ఆటో చప్పుడులో అడగడానికి లేదు. ఆమే పిడికిలి ఎత్తి బయటికి తిప్పింది. మగ్గం నడుపు అని.

కమిటీ కూడా ఫోన్లోనే కూర్చుంది. ఇద్దరు సార్లు, ఒక మేడమ్. నన్ను కూడా కెమెరా ముందుకు రమ్మన్నారు. వాళ్లు హిందీలో ఏదో అడిగారు. నాకు వినబడక పిల్ల వైపు చూశాను. ఆమె బొటనవేలు పెదవికి ఆనించింది, ఆ రోజు నేను చేసిన సైగ గురించి అడుగుతున్నారని. అంతే, ఒక సారు కుర్చీలోంచి లేచాడు. "దేఖో! ఫిర్ ఇషారా!" అని అరిచాడు. చూడండి, మళ్లీ సైగ అని.

"ఆమె మీ ప్రశ్నే నాకు చెబుతోంది సాబ్, నాకు చెవుడు" అన్నాను నా హిందీలో. మేడమ్ నవ్వు ఆపుకోలేక మాస్కు పైకి లాక్కుంది.

తర్వాత నేను ఊరుకోలేదు. బొటనవేలు పెదవికి ఆనించి చూపించాను. కత్తెర చూపించాను. పిడికిలి రెండు వైపులా తిప్పి చూపించాను. మా దగ్గర ఉన్న మాటలు ఇవీ, వీటిలో కెమిస్ట్రీ ఎక్కడుందో మీరే వెతకండి అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. మార్కెట్లో వ్యాపారి గుడ్డ తానును విప్పి నేత చూస్తాడు. నేసేటప్పుడు నేతగాడి కళ్లు ఎటు తిరిగాయని అడగడు. మీరు చదువు చెప్పినవాళ్లు కదా, అనుమానముంటే పిల్లను అడగండి. ఏడాదంతా ఒక్క ప్రశ్న అడగలేదు, ఇప్పుడైనా అడగండి.

సారుకు కోపం వచ్చింది. మేడమ్‌కు రాలేదు. ఆమె పుస్తకం తీసి పిల్లను అడగడం మొదలుపెట్టింది. నన్ను పక్కకు జరగమన్నారు, జరిగాను. ఏం జరిగిందో పిల్ల తర్వాత నాకు చెప్పింది. ఒకచోట తెలియదని చెప్పింది. ఇంకోచోట తప్పు చెప్పి, ఆగి, తానే దిద్దుకుంది. మేడమ్ చాలాసేపు అడిగింది. నేను చూసినంతలో ఆ కాలేజీ ఆ పిల్లకు చదువు చెప్పింది ఆ పూటే.

పేపరు విడుదల చేశారు. మార్కులు గొప్పవేమీ కావు, కానీ ఆమెవే. వెంట ఒక ఉత్తరం కూడా పంపారు. ఇకముందు పరీక్ష వేళ గదిలో ఇతరులు ఉండరాదని. పిల్ల దానికి జవాబు రాసింది: మాకు ఒక్కటే గది, మా తాత అందులోనే ఉంటాడు, దాచిపెట్టడం కుదరదు, కావాలంటే కనబడేలా కూర్చుంటాడు. సరేనని మేడమ్ రాసింది.

నా కొడుకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. "ఆ మేడమ్ మంచిది గనుక బతికిపోయినం. లేకపోతే ఏమయ్యేది?" అంటాడు. ఏమయ్యేదో నాకూ తెలుసు. అయినా సంతకం పెట్టేవాణ్ని కాదు.

తర్వాతి పరీక్ష కూడా ఫోన్లోనే జరిగింది. ఈసారి నేను ఫోను వెనక కూర్చోలేదు. ఉతికిన చొక్కా తొడుక్కుని, పిల్ల వీపు వెనక, కెమెరాకు నిండుగా కనబడేలా కూర్చున్నాను. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాను. మూడు గంటలు వేలు కదపలేదు. కరెంటు ఆ రోజు కూడా పోయింది. పిల్ల పక్కనున్న చెంబు తానే అందుకుని నీళ్లు తాగింది.