సర్కారు కల్లం

కల్వకుర్తి దాటి శ్రీశైలం వెళ్లే రోడ్డులో ఒక ముక్కను ప్రభుత్వం హెడ్ కానిస్టేబుల్ పరశురాములు చేతిలో పెట్టింది. ఆ ముక్క మీద ఎవరూ చావకుండా చూడటం ఆయన ఉద్యోగం. చచ్చి తీరాలని పంతం పట్టినవాళ్లు మాత్రం రెండు వైపుల నుంచీ వస్తూనే ఉంటారు. వాళ్లను ఆపడానికి ఆయనకు ఒక పెట్రోలింగ్ బండి, దాని నెత్తి మీద రంగుల లైట్లు, ఒక మైకు, డిక్కీ నిండా ఎర్ర ప్లాస్టిక్ కోన్లు ఇచ్చారు. బండి తోలడానికి పీర్ మహమ్మద్ అనే పాత హోంగార్డును కూడా ఇచ్చారు గానీ, ఆయన నోటికి బ్రేకులు ఇవ్వడం మరిచిపోయారు.

పరశురాములు ఏడాది జనవరిలో రోడ్డు భద్రత ఉత్సవాలతో మొదలవుతుంది. అప్పుడు అందరూ హెల్మెట్ల గురించి మాట్లాడతారు. ర్యాలీలో అందరూ హెల్మెట్ పెట్టుకుంటారు, ముందు బండి మీద నిలబడి చేతులూపే నాయకుడు తప్ప. ఆయన పెట్టుకుంటే ఫొటోలో మొహం కనబడదు మరి. మొహం కనబడని ఫొటో ఎవరి ప్రాణం కాపాడుతుంది? ఉత్సవాలు ముగిసిన మర్నాటి నుంచి ఆ హెల్మెట్లు ఇళ్లలో ఉల్లిగడ్డలు పోసుకోవడానికి పనికొస్తాయి.

అవి సర్దుకునేలోపే శివరాత్రి. శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులు రోడ్డు అంచు వదిలేసి నట్టనడుమ తెల్లగీత పట్టుకొని నడుస్తారు. "స్వామీ, జర పక్కకు నడువుండ్రి" అని మైకులో బతిమాలితే, "శివుడున్నడు సార్, ఏం గాదు" అంటారు. శివుడు ఉన్నాడు, నిజమే. వెనక నుంచి వచ్చే సిమెంటు లారీని మాత్రం పరశురాములే చూసుకోవాలి.

తర్వాత పెళ్లిళ్లు, బరాత్‌లు. ఓసారి డీజే అదురుకు కిలోమీటరు రాయి ఒకటి ఉన్నచోటి నుంచి జరిగిందనీ, ఆ దెబ్బకు కల్వకుర్తి అచ్చంపేటకు కాస్త దగ్గరైందనీ పీర్ మహమ్మద్ ఒట్టేసి చెబుతాడు. వానలు మొదలైతే గొర్ల మందలు రోడ్డెక్కుతాయి. సైరన్ వినగానే మంద ముందు నడిచే పొట్టేలు ఠక్కున ఆగి, తలెత్తి చూస్తుంది. ఏడాది మొత్తం మీద తన సైరన్‌కు ఆగిన ప్రాణి అదొక్కటే కాబట్టి పరశురాములు దానికి లోలోపల సెల్యూట్ చేస్తాడు. ఇక డిసెంబరు ఆఖరి రోజున పైపులో ఊదించే పని. ఊదమంటే కొందరు పీలుస్తారు. ఒకాయనైతే మనవడి కోసం ఇంకో పైపు ఇమ్మని అడిగాడు.

ఇవన్నీ ఆయనకు అలవాటే. నిజంగా భయపెట్టేవి ఎండాకాలం మొదట్లో వచ్చే యాసంగి కోతలు. కాలువ నీళ్లు రాకముందు ఆ మెట్టంతా పత్తి, ఆముదం, పల్లికాయలతో సరిపెట్టుకునేది. నీళ్లొచ్చాక ఎటు చూసినా వరి. వరి పండించమని అందరూ చెప్పారు, ఆరబోసుకోవడానికి జాగా ఎక్కడని ఎవరూ అడగలేదు. కొనుగోలు కేంద్రంలో గింజలు మిషన్లో పెట్టి, తేమ ఉంది, ఆరబెట్టుకొని రమ్మంటారు. నల్లగా, నున్నగా, ఎండకు పెనంలా కాలుతూ ఊరి ముందరే పడి ఉన్న రోడ్డును చూశాక రైతు ఇంకెక్కడికి పోతాడు? సగం రోడ్డు మీద వడ్లు పోసి, చుట్టూ కొబ్బరికాయలంత రాళ్లు పేరుస్తాడు. పగలు వడ్లు ఆరతాయి. పొద్దుగూకితే ఆ రాళ్లకు తగిలి బైకులు పడతాయి.

ఆ ఏడాది ఎర్రగుండ్లపల్లి ముందర రోడ్డు మీద పడిన మొదటి కుప్ప జానమ్మది. జానమ్మ పరశురాములుకు పిల్లనిచ్చిన అత్త. భర్త పోయాక ఉన్న చెలకను ఒక్కతే సాగు చేసుకుంటోంది. వచ్చే పంట దాకా ఆమె బతకాల్సింది ఆ వడ్ల మీదే. కూతురు భాగ్యలక్ష్మి ఏదైనా ఇవ్వబోతే ముట్టదు. అల్లుడి జీతం తింటే అల్లుడికి భయపడాల్సి వస్తుందని ఆమె సిద్ధాంతం. ప్రస్తుతానికి భయం ఎదురు దిశలో నడుస్తోంది.

"అత్తమ్మా, గీ రాళ్లు తియ్యి. నిన్ననే ఒక పోరడు వడి మోకాలు పలగ్గొట్టుకున్నడు" అన్నాడు పరశురాములు, బండి దిగి.

"రాళ్లు తీస్తే లారీ నా వడ్ల మీదికెళ్లి పోతది. గప్పుడు నీ మోకాలు పలుగుతది, అల్లుడా."

"వడ్లు తియ్యమంటలేను గదా. రాళ్లే."

"మరి అడ్డం ఏం పెట్టాలె? నువ్వు నిలవడతవా?"

"నిలవడతడు అవ్వా" అని బండిలోంచే అందుకున్నాడు పీర్ మహమ్మద్. "గని సాబ్‌ను చూసి లారీలు ఆగవు. రాయిని చూస్తెనే ఆగుతయి."

పరశురాములుకు అప్పుడొక తెలివి పుట్టింది. డిక్కీ తెరిచి కోన్లన్నీ దించాడు. రాళ్లను గుంతలోకి దొర్లించి, వడ్ల చుట్టూ ఎర్ర కోన్లు నిలబెట్టాడు. దూరం నుంచే కనబడతాయి, తగిలినా మనిషి బతుకుతాడు, అత్త కూడా తిట్టదు. ఇంత గొప్ప పరిష్కారం తనకు ముందు ఎవరికీ ఎందుకు తట్టలేదని ఆ రాత్రి ఆయన చాలా ఆశ్చర్యపడి, హాయిగా నిద్రపోయాడు.

ఎందుకు తట్టలేదో తెల్లారి తెలిసింది. రోడ్డు సగం, కనుచూపు మేర, వడ్లు.

పోలీసులే వచ్చి తమ ఎర్ర ప్లాస్టిక్ టోపీలతో హద్దులు పెట్టారంటే సర్కారు కల్లం మంజూరు చేసినట్టేనని ఊరు తీర్మానించింది. వచ్చిన ప్రతి ట్రాక్టరూ కోన్లను కాస్త అవతలికి జరిపి కుప్ప పోసింది. అలా జరిగి జరిగి, అవే కోన్లు ఇప్పుడు ఊరి పొడవునా కాపలా కాస్తున్నాయి. కృతజ్ఞతగా పాలాభిషేకం చేద్దామని బిందెడు పాలు కూడా తెచ్చారు. కల్లం మంజూరు చేసింది ఎవరు, ఏ ఫొటోకు పొయ్యాలి అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఎటూ తేలక పాలు చాయ్ కాచుకొని తాగారు.

"మంచి పని చేసినవ్ సార్" అని పరశురాములుకూ ఒక గ్లాసు అందించాడు మైసయ్య అనే పెద్ద రైతు. "గని టోపీలు తక్కువైనయి. జానమ్మ దిక్కు దగ్గర దగ్గర ఉన్నయి, మా దిక్కు దూరం దూరం. అత్తకొక న్యాయం, మాకొక న్యాయమా?"

చాయ్ గొంతు దిగకముందే ఫోన్ మోగింది. అవతల ఎస్సై. పెద్దసారు ఏడాది తనిఖీకి మధ్యాహ్నం అదే రోడ్డున వస్తున్నారు.

"రోడ్డు మీద ఒక్క గింజ కనబడొద్దు, పరశురాములూ. జేసీబీ పంపిస్తున్నా. మొత్తం పక్కకు నెట్టించు."

"పక్కన గుంత ఉంది సార్. నీళ్లున్నాయి."

"అయితే ఇంకా మంచిది. మళ్లీ పైకి రావు."

పరశురాములు ఫోన్ జేబులో పెట్టుకొని జానమ్మ దగ్గరికి నడిచాడు. విషయం చెబితే ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. చెంగు నడుముకు చుట్టుకొని, వడ్ల పక్కనే రోడ్డు మీద కూర్చుంది.

"నీ డ్యూటీ నువ్వు చెయ్యి, అల్లుడా. నేనేమనుకోను" అంది.

ఆ మాట విని పరశురాములుకు ఎండలో చలి పుట్టింది. అత్త తిట్టకపోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆయన పడమర వైపు చూశాడు. ఏప్రిల్‌లో ఉండకూడని మబ్బు ఒకటి, దానికి కూడా ఎవరో తనిఖీ ఉందని చెప్పినట్టు, తొందర తొందరగా వస్తోంది.

"భాయ్, బండి రోడ్డుకు అడ్డం పెట్టు" అన్నాడు పీర్ మహమ్మద్‌తో.

"అడ్డమంటే ఎంత అడ్డం, సాబ్?"

"సైకిల్ గూడ పోవద్దు."

పెట్రోలింగ్ బండి నడిరోడ్డున అడ్డంగా నిలబడి అరవసాగింది. కాసేపటికి దాని ముందూ వెనకా ఆర్టీసీ బస్సు, పెళ్లివాళ్ల డీసీఎం బండి, పాల వ్యాను, లారీలు బారులు తీరాయి. పరశురాములు మైకు అందుకున్నాడు.

"అందరు ఇనుండ్రి. పెద్దసారు వస్తుండు. రోడ్డు సాఫ్ అయ్యేదాంక ఒక్క బండి కదలది. జల్ది పోవాలనుకున్నోళ్లు దిగి తలా ఒక చెయ్యి ఎయ్యుండ్రి."

జనం దిగారు. మొదట తిట్టడానికే దిగారు. తిట్టి తిట్టి అలసిపోయాక చేతులు ఊరికే ఉన్నాయని గమనించారు. పెళ్లివాళ్లు పట్టుచీరలు ఎగదోపి వడ్లు ఊడ్చారు. బస్సు కండక్టరు సంచుల మూతులు కట్టాడు, కట్టిన ప్రతి సంచికీ అలవాటు కొద్దీ టికెట్ కొట్టబోయాడట. బ్యాండు మేళం వాళ్లు పెద్ద డోలును బోర్లించి గంపలాగా వాడారని కూడా అంటారు. పీర్ మహమ్మద్ ఒక్కడే చూసిన విషయం కాబట్టి ఎంత నమ్మాలో మీ ఇష్టం.

జేసీబీ వచ్చింది. వచ్చి, బారులో అందరికంటే వెనక ఆగిపోయింది. దాని వెనక ఒక తెల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి దిగి, ఏం జరుగుతోందో చూడటానికి ముందుకు నడుచుకుంటూ వచ్చి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ రోజు ఆ రోడ్డు మీద చేతులు కట్టుకొని నిలబడితే జానమ్మ కంట పడక తప్పదు.

"ఓ తెల్లంగి సారూ! పెళ్లిసూపులకొచ్చినవా? వాన మీదికొస్తాంది, గీ సంచి మూతి పట్టు!"

ఆయన పట్టాడు. పీర్ మహమ్మద్ పరుగెత్తుకొచ్చాడు.

"సాబ్, పెద్దసారు సంచి పట్టిండు."

"ఏం సంచి?"

"మీ అత్తమ్మది."

పరశురాములు టోపీ సర్దుకొని వెళ్లేసరికి జానమ్మ ఆఖరి తట్ట కుమ్మరిస్తోంది. "జర ఎడల్పుగ పట్టరాదు, అన్నం తింటలేవా?" అని పెద్దసారును గదమాయిస్తోంది కూడా. సంచి నిండింది. మూతి కట్టారు. టార్పాలిన్లు కప్పుతుండగానే చినుకులు మొదలయ్యాయి.

"రోడ్డు బంద్ చేసింది ఎవరు?" అన్నాడు పెద్దసారు, కాలర్ లోపల వడ్ల నూగు దురద పెడుతుంటే గోక్కుంటూ.

"నేనే సార్."

"ఎవరి కోసం?"

"మీ కోసమే సార్. మీరొచ్చేసరికి గింజ కనబడొద్దని ఆర్డర్."

పెద్దసారు రోడ్డు వైపు చూశాడు. నిజంగానే గింజ లేదు. తన ఆర్డర్‌ను ఇంత శ్రద్ధగా పాటించినవాణ్ని ఏ నేరం కింద శిక్షించాలో వానలో తడుస్తూ కాసేపు ఆలోచించి, ఏదీ దొరకక కారెక్కాడు. వారం తిరక్కుండా డిపార్ట్‌మెంటు న్యాయం చేసింది. రోడ్డు శుభ్రంగా ఉంచినందుకు ఎస్సైకి మెచ్చుకోలు, రోడ్డు బంద్ చేసినందుకు పరశురాములుకు చీవాట్లు.

అది తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం వాన వెలిశాక మాత్రం సంచులు మిగిలాయి, సంచుల్లో సగం ఆరిన వడ్లు మిగిలాయి. ఇంకొక ఎండ తగలకపోతే మొలకలొస్తాయి. రోడ్డు మీద మళ్లీ పోసే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు, ఒక్కరికి తప్ప.

"రేపు ఎండ కొడితే మళ్ల ఈడనే పోస్త" అంది జానమ్మ.

"వద్దు అత్తమ్మా" అని పరశురాములు ఇంచుమించు ఏడ్చాడు. జేసీబీ డ్రైవర్ వెంకటేష్, వచ్చిన పని లేక బీడీ కాలుస్తూ నిలబడి ఉంటే, ఆయన్ను పిలిచాడు. అత్త సంచులను జేసీబీ తొట్టిలోకి ఎత్తించి, పెట్రోలింగ్ ఔట్‌పోస్టు వెనక పట్టుబడ్డ బండ్లు నిలిపే సిమెంటు గచ్చు మీదికి చేర్పించాడు. బండ్లను గోడవారకు నెట్టి, గచ్చు ఊడ్పించి, మిగతా రైతులకు కూడా వంతులవారీగా రమ్మని కబురు పెట్టాడు. డిపార్ట్‌మెంటుకు చెప్పలేదు. అది ఎలాగూ అడగలేదు.

మర్నాడు ఎండ విరగకాసింది. జానమ్మ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకొని కూర్చుంది. పరశురాములు బూట్లు విప్పి, ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వడ్లు తిరగబడేలా వాటి మధ్య నడుస్తున్నాడు.

"గట్ల గాదు, అల్లుడా" అంది జానమ్మ. "పెరేడ్ తీరు కాళ్లెత్తెత్తి ఏస్తే వడ్లు తిర్గవడయి. ఈడ్చుకుంట నడువు. సర్కారు కొలువు చేసి నడుసుడు గూడ మరిచిపోయినవ్."

పరశురాములు కాళ్లు ఈడ్చి నడిచాడు. వెనక వడ్లలో సాళ్లు తేలాయి. ఆ చివర తిరిగి వస్తుంటే, అత్త మళ్లీ తిడుతోందన్న సంగతి అప్పుడు తట్టి, ఆయనకు ప్రాణం లేచొచ్చింది.