ఎవరి ఎసరో

మొన్న కోదాడ దగ్గర మా కారు పొగలు కక్కింది. తల నెరిసిన నా కొడుకు బానెట్ ఎత్తి, "చల్లారనీ అమ్మా" అంటూ దగ్గాడు. ఆ దగ్గు వెనక ఇంకో దగ్గు వినపడుతుందేమోనని నేను చెవి ఒగ్గాను. నాకిది పాత జబ్బు.

అప్పటికి వీడికి రెండేళ్లు నిండలేదు. కుక్కపిల్ల మొరిగినట్టు దగ్గు, పెదాలు నీలం. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లడానికి మా మేనమామ తన పాత కారు తీశాడు. దాన్ని ఆయన మా అత్తకంటే ఎక్కువ గారాబం చేసేవాడు. అత్తకంటే ఎక్కువ అలిగేదీ అదే. సగం దారిలో, మిట్టమధ్యాహ్నం, ఒక పల్లె నడిమధ్యన ఆవిరి చిమ్మి ఆగిపోయింది. మామ తువ్వాల వేసి రేడియేటర్ మూత మెల్లగా వదిలించాడు. ఫ్యాను పట్టీ నొక్కి చూశాడు, బాగానే ఉంది. కింద పడుకుని తడిమితే రేడియేటర్ అడుగు గొట్టం చీలి ఉంది. నా కొంగు చింపి దానికి బిగించి చుట్టాడు. ఇక నీళ్లు కావాలి. పక్కనే బావి ఉంది గానీ చేదా లేదు, తాడూ లేదు. "ఉన్నా పొయ్యొద్దు బిడ్డా. కాలిన ఇంజన్ల సల్లనీళ్లు పోస్తే పగుల్తది. ఏడినీళ్లే గావాలె. ఇండ్లల్ల జర అడుగు" అన్నాడు.

అడగడానికి మనిషేడీ! తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, కుక్కయినా మొరగలేదు. పొగ కనిపించిన ఇంట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది. పక్కన చేటలో జొన్నరవ్వ. అంతలో నా భుజం మీద వీడు దగ్గాడు. మూలనున్న నిలువెత్తు జొన్నల గుమ్మిలోంచి అచ్చం అలాంటి దగ్గే వినపడింది. మరొకటి మొదలై, ఎవరో నొక్కేసినట్టు సగంలో ఆగిపోయింది.

ఆ రోజుల్లో పల్లెలోకి మోటారు వచ్చిందంటే తుపాకుల వాళ్లు ఊరి మీద పడ్డట్టే, ఆ చప్పుడుకే జనం చేలల్లోకి పారిపోయేవాళ్లు. అంటే ఊరిని ఖాళీ చేయించింది మేమే. పారిపోలేకపోయిన తల్లెవరో గుమ్మిలో బిడ్డ నోరు మూసి కూర్చుంది.

"అక్కా, సెయ్యి తియ్యి. మేం ఆళ్లం గాదు. నా పిలగానికీ గిదే దగ్గు. మాతోని రా, దవాఖానకు పోదాం" అన్నాను. నా గొంతు విని వచ్చిన మామ ఎసరు కుండ దించుకుంటూ, "మనం ఉన్నంతసేపు ఆ సెయ్యి తియ్యది బిడ్డా. నడువ్" అన్నాడు.

నీళ్లు పోశాం. ఖాళీ కుండ గడపలో పెట్టాను. మామ కారు ముందు కడ్డీ పెట్టి తిప్పాడు. ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. "జల్ది మామా, జల్ది!" అని ఏడ్చాను. నా బిడ్డ కోసమే అనుకున్నాడాయన. నాలుగోసారికి అందుకుంది. వెనక్కి చూస్తే ఆ ఇంటి వాకిట్లో ఎవరూ లేరు.

వీడు బతికాడు. ఆ ఊరికి వెళ్లి ఆ బిడ్డ ఏమైందని అడిగే ధైర్యం మాత్రం నాకు ఏనాడూ రాలేదు. యాభై ఏళ్లు దాటాయి. వీడు దగ్గినప్పుడల్లా, ఆ సగంలో ఆగిన దగ్గు ఇప్పుడైనా పూర్తవుతుందేమోనని ఆగి వింటాను.