పదమూడు ఫారాల నవల

2023 ఎండాకాలం. నాచారంలో మా కాలనీ సంఘం నడిపే గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. కింద కమ్యూనిటీ హాలు, పైన రెండు గదుల్లో మేము. కిటికీలు తెరిస్తే ఫ్యాక్టరీల షిఫ్టు సైరన్లు, మూస్తే ఉక్క. నాలుగు వేల పై చిలుకు పుస్తకాలు, ఒక బీరువా నిండా రిజిస్టర్లు, నేను. ఇంతే మా సంస్థానం.

ఆ వేసవిలో నవలలకు పోటీ పెట్టాం. ఆలోచన ప్రణీతది. ఉప్పల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ శనివారాలు మా దగ్గరికి వచ్చే అమ్మాయి. "క్రికెట్ టోర్నమెంట్ లాగ పెడదాం మేడమ్. రెండు నవలలకు ఒక మ్యాచ్. ఒక రీడర్ రెండూ చదవాలి. ఏది గెలిచిందో, ఎందుకు గెలిచిందో ఒక పేజీ రాయాలి. గెలిచింది పై రౌండ్‌కు పోతది" అంది. పదహారు నవలలు, పదిహేను మ్యాచ్‌లు, పదిహేనుమంది జడ్జీలు. జడ్జీలకు ఇచ్చేది చాయ్ ఒక్కటే. గెలిచిన నవలకు దక్కేది నెలరోజులు ముందు అరలో చోటు.

ఎవరొస్తారులే అనుకుంటూనే బోర్డు మీద కాగితం అంటించాను. వారం తిరిగేసరికి ఇరవై రెండు పేర్లు! గెలిచినా ఓడినా ఎవరికీ ఏమీ రాని ఆటకు ఇంతమంది తీరిక చేసుకుని ముందుకు రావడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. చీట్లు వేసి పదిహేనుమందిని తీశాం.

ఆ పదిహేనుమందిలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు రావు గారు. రిటైరైన తెలుగు లెక్చరర్. తెనాలి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఉప్పల్లోనే ఉంటున్నారు. ఆయన ఒక పుస్తకం బాగుందంటే మరునాటికి దానికోసం ముగ్గురు వచ్చేవారు. రెండోది సుజాత. జనగామ దగ్గరి పల్లె ఆమెది. చెంగిచెర్లలో ఉంటూ నాచారంలోని ఒక బట్టల ఫ్యాక్టరీలో చెకర్‌గా పనిచేసేది. కుట్టి వచ్చిన ప్రతి షర్టునూ లోపలా బయటా తిప్పి చూసి, కుట్టు తప్పితే పక్కన పెట్టడం చెకర్ పని. పోతూ వస్తూ బస్సులో నవలలు చదివేది. జడ్జీగా పేరు రాయమంటే మొదట ఒప్పుకోలేదు. "నేను పదో తరగతి ఫెయిలైన మేడం. నా తీర్పు ఎవలు ఇంటరు?" అంది. "నువ్వు ఏడాదికి అరవై నవలలు చదువుతావు. నా రిజిస్టరే సాక్ష్యం" అని నేనే పేరు రాశాను.

రావు గారికి మొదటి రౌండులో రెండు నవలలు వచ్చాయి. ఒకటి 'కందిచేను కాపలా', రెండోది 'అక్క వెతికిన ఊర్లు'. ఈ రెండో నవలలో ఒక అక్క, గొడవపడి ఇల్లు విడిచి వెళ్లిపోయిన చెల్లెల్ని ఊరూరా వెతుకుతుంది. ఆదివారం పొద్దున పదకొండింటికి హాలు నిండా జనం ముందు రావు గారు తీర్పు చదివారు. అక్క గెలిచింది. "చివరికి ఆమె బస్టాండులో నిలబడి వెనక్కి తిరుగుతుంది. వెతుకులాట ఆపడం కూడా ప్రేమేనని చెప్పడానికి రచయితకు ఎంత ధైర్యం కావాలి!" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

గెలిచిన నవల రెండో రౌండులో సుజాతకు వచ్చింది. రావు గారు తన కాపీని ఇంకో వారం ఉంచుకుంటానన్నారు కాబట్టి అరలో ఉన్న రెండో కాపీ తీసి ఆమెకిచ్చాను.

నాలుగో రోజు సాయంత్రం ఫ్యాక్టరీ వదలగానే వచ్చింది. నా బల్ల ముందు నిలబడి సంచి పట్టీ మెలిపెడుతోంది.

"మేడం, ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోవద్దు. సారు సదివిన పుస్తకం, నా తాన ఉన్న పుస్తకం ఒకటేనా?"

"ఒకటే కదా సుజాతా. ఏమైంది?"

"సారు అక్క ఎనక్కి మల్లిపోయిందని రాసిన్రు గద. నా దాంట్ల అట్ల లేదు. తెల్లారి మళ్ల పోతది. చెల్లె దొరుకుతది. నాకే సమజ్ కాలేదా అని రెండుసార్లు సదివిన."

పుస్తకం తీసుకుని చివరి అధ్యాయం అక్కడే చదివాను. ఆమె చెప్పింది నిజం. మరుసటి పొద్దున అక్క మళ్లీ బస్సెక్కుతుంది. ఒక హోటల్లో గిన్నెలు తోముతున్న చెల్లెలు కనిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండా పక్కపక్కన కూర్చుని తింటారు. అదీ ముగింపు.

ఆ క్షణంలో నాకు తోచింది ఒకటే: రావు గారు పుస్తకం చివరిదాకా చదవలేదు. చదవకుండానే అంత అందమైన తీర్పు రాశారు. సుజాతకు కూడా అదే అనుమానం ఉన్నట్టుంది. "సారు పెద్దమనిషి. నా పేరు చెప్పకుండ్రి మేడం" అని మాత్రం అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, "వద్దు, చెప్పుండ్రి. సూసింది నేనే గద" అంది.

మరునాడు సుజాత కాపీ సంచిలో వేసుకుని రావు గారింటికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఎండల గురించీ మెట్రో రద్దీ గురించీ మాట్లాడాను. చివరికి ఆయనే అడిగారు, "మీరు ఎండల సంగతి మాట్లాడ్డానికి ఇంత దూరం రారు. చెప్పండమ్మా" అని.

"సార్, 'అక్క వెతికిన ఊర్లు' చివరి అధ్యాయం గురించి. మన సుజాత చదివి... మీ తీర్పులో ముగింపు వేరేలా ఉందంటోంది."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే, నేను చదవకుండా తీర్పు రాశానంటారా?"

నేను కాదనలేదు. ఆ మౌనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

లోపలికెళ్లి పుస్తకం తెచ్చి నా ముందు చివరి పేజీ తెరిచి పెట్టారు. "చూడండి. ఆమె వెనక్కి తిరిగింది. ఫుల్‌స్టాప్. దీని తర్వాత అట్ట. నేను చదవనిది ఏదో మీరే చూపించండి."

పేజీ నంబరు 208. దాని తర్వాత కొత్తగా అంటించిన తెల్ల కాగితం, అట్ట. నా సంచిలోని కాపీ తీశాను. 224.

లెక్క నా వృత్తిలో ఉన్నవాళ్లకు వెంటనే తడుతుంది. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడతపెడితే అది ఒక ఫారం. ఆ ఫారాలన్నీ కలిపి కుడితే పుస్తకం. పద్నాలుగు ఫారాలు ఉండాల్సిన నవలలో పదమూడే ఉన్నాయి. చివరి అధ్యాయం సరిగ్గా పద్నాలుగో ఫారంతో మొదలవుతుంది. అందుకే చదివేవాళ్లకు ఏదీ తెగినట్టు అనిపించదు. రెండేళ్ల కిందట అరవై పాత పుస్తకాలు రీబైండింగ్‌కు పంపాను. పాత అట్ట విప్పి మళ్లీ కుట్టేటప్పుడు ఆఖరి ఫారం ఎక్కడో జారిపోయింది. తిరిగొచ్చిన పుస్తకాలకు కొలేషన్ చేయాలి, అంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా వరుస సరిగా ఉందో లేదో తిప్పి చూడాలి. నేను పైనున్న పదో పన్నెండో చూసి, అరవైకీ 'సరిచూశాను' అని రిజిస్టర్లో సంతకం పెట్టాను.

"తప్పు నాదండీ" అన్నాను. జరిగిందంతా చెప్పాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత చెయ్యి చాపి, "ఆ పదహారు పేజీలు ఇటివ్వండి" అన్నారు. వరండాలోకి వెళ్లి కూర్చుని చదివారు. వాళ్లావిడ ఇచ్చిన కాఫీ తాగలేక తాగుతూ నేను లోపలే కూర్చున్నాను.

తిరిగొచ్చి నెమ్మదిగా అన్నారు: "నేను మెచ్చుకున్నది అసలు లేని పుస్తకాన్నమ్మా. ఆ తీర్పు చెల్లదు. రెండు నవలలూ మళ్లీ మొదటినుంచి చదువుతాను. వచ్చే ఆదివారం అందరిముందూ చెబుతాను."

"అందరిముందూ ఎందుకు సార్? తప్పు నాది, నేను చెప్పుకుంటాను."

"మీ తప్పు మీరు చెప్పండి. నా తీర్పు నేను వెనక్కి తీసుకుంటాను. ఎవరిది వాళ్లదే."

ఆదివారం హాలు మళ్లీ నిండింది. ముందు నేను లేచి రిజిస్టర్ సంగతి చెప్పాను. తర్వాత రావు గారు లేచారు. పొరపాటు పట్టుకున్నది సుజాత అని పేరు పెట్టి చెప్పారు. కొత్త తీర్పు చదివారు. ఈసారి 'కందిచేను కాపలా' గెలిచింది. చెల్లెలు దొరికే అధ్యాయంలో రచయిత తొందరపడ్డారని ఆయన అభిప్రాయం.

సుజాత ముఖం చిన్నబోయింది. ఆ నవల ఆమెకు ప్రాణమని అప్పుడే తెలిసింది. నోరు విప్పకుండా ఉంటే దాన్ని తన చేతులతోనే పై రౌండుకు పంపగలిగేది. అదే మాట రావు గారు అడిగారు: "ఆ పుస్తకం నీకంత నచ్చింది కదమ్మా. చెబితే ఓడిపోవచ్చని అనిపించలేదా?"

"అనిపించింది సార్. గని నచ్చిందని నోరు మూసుకుంటే ఇగ అది ఆటేంది? అయినా ఆ అధ్యాయంల తొందర లేదు సార్. ఆకలిగొన్న మనుషులు ఎక్కువ మాట్లాడరు. గందుకే చిన్నగుంది."

రావు గారు వాదించారు. సుజాత తగ్గలేదు. అరగంట సేపు ఇద్దరూ ఆ రెండు పళ్లేల గురించి, తినేటప్పటి మౌనం గురించి వాదించుకుంటుంటే హాలంతా చెవులొగ్గి వింది. తీర్పు మారలేదు కానీ, చివర్లో రావు గారు జేబులోంచి పెన్ను తీసి, తన కాగితం కింద "ఆకలి గురించి సుజాత చెప్పిన మాట నాకు తట్టలేదు" అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం మా ఫైల్లో భద్రంగా ఉంది. నా ఉద్యోగ జీవితంలో దానికంటే విలువైన కాగితం నా చేతికి రాలేదు.

అందరూ లేస్తుండగా సుజాత నా దగ్గరికి వచ్చింది. "మేడం, మా కాడ ఒక్క షర్టుకు కాలర్ తప్పు వడ్డదంటే ఆ లాట్ మొత్తం ఆపి సూస్తం. ఒక్కటే తప్పుండదు. మిగిలిన యాభై తొమ్మిది ఎక్కడున్నయ్?"

నాకు తట్టని మాట అది. నేను సిగ్గుపడుతూ ఆ ఒక్క పుస్తకం దగ్గరే ఆగిపోయాను.

తర్వాతి ఆదివారం పదిహేనుమంది జడ్జీలూ వచ్చారు, ఎవరూ పిలవకుండానే. ప్రణీత వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టిందట. యాక్సెషన్ రిజిస్టర్లో, అంటే ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసుకునే పెద్ద పుస్తకంలో, ఆ అరవై నంబర్లు వెతికి అరల్లోంచి తీశాం. కొలేషన్ ఎలా చేయాలో సుజాత చూపించింది. అది నా పని, కానీ నా కంటే ఆమె చేతి వేళ్లకే బాగా వచ్చు. కళ్లు పేజీ మూలన, బొటనవేలు అంచున, నోట్లో లెక్క. మధ్యాహ్నానికి మరో నాలుగు పుస్తకాలు బయటపడ్డాయి. ఒకదానికి మధ్యలో ఒక ఫారం లేదు, ఒకదానికి ఫారాలు తారుమారయ్యాయి, రెండింటికి చివరి పేజీలు లేవు. వేరే కాపీలు సంపాదించి జిరాక్స్ తీయించి అంటించాం.

పోటీ జూన్‌లో ముగిసింది. గెలిచింది ఈ రెండూ కాదు, మూడో నవల. దాని పేరు అడిగితే మా జడ్జీల్లో సగం మంది ఇప్పుడు చెప్పలేరు. పేజీలు లెక్కపెట్టిన ఆదివారం మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

నాకు ఇంకో పని మిగిలింది. ఇష్యూ రిజిస్టర్ తీసి, ఆ ఐదు పుస్తకాల్నీ రెండేళ్లలో ఎవరెవరు తీసుకెళ్లారో చూశాను. ముప్పై ఒక్కమంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒక్కరు కూడా అప్పట్లో ఫిర్యాదు చేయలేదెందుకని ఆశ్చర్యంగా ఉండేది. దమ్మాయిగూడలో ఉండే హనుమంతు గారని, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన చెప్పిన జవాబుతో అర్థమైంది.

"గందుకేనా అమ్మా! నాకే దిమాక్ పనిచేస్తలేదనుకున్న. పెద్దపెద్దోళ్ల పుస్తకాలు మనకు గిట్లనే సమజ్ కావు అనుకొని వాపస్ ఇచ్చిన."

మరునాడు రెండు బస్సులు మారి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన తీసుకెళ్లింది మధ్యలో ఫారం లేని పుస్తకం; అర పక్కన నిలబడే ఆ పదహారు పేజీలు చదివి, నవ్వుకుంటూ వెళ్లారు.

పుస్తకంలో లోపముంటే పాఠకుడు మనకు చెబుతాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. చెప్పడు. ఎక్కువమంది తప్పు తమదే అనుకుని నెమ్మదిగా తిరిగి ఇచ్చేస్తారు. అందుకే ఇప్పుడు ఎవరైనా "ఈ పుస్తకం నాకు అర్థం కాలేదు మేడం" అంటే, వాళ్లకు తేలికైనది ఇంకొకటి చూపించను. ఆ పుస్తకం తీసుకుని ముందు పేజీలు లెక్కపెడతాను.